అమెరికాలో కంపెనీ ముందా, కొనే వ్యాపారి ముందా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర చిన్న పచ్చళ్ళ తయారీ యూనిట్. ప్రొప్రయిటర్‌గా నా పేరే ఉంది. ఆవకాయ, మాగాయ, గోంగూర మొదలుకొని చికెన్, రొయ్యల పచ్చళ్ళ దాకా 22 రకాలు చేస్తాం. అమెరికాలోని తెలుగువాళ్ళకు ఇన్నాళ్ళూ కొరియర్‌లో పంపిస్తూ వచ్చాం. 2025 ఆగస్టు తర్వాత ఆ ఖర్చు బాగా పెరిగి ఆర్డర్లు పడిపోయాయి. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మరిది, తన పేరు మీద అక్కడ ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత గల కంపెనీ) పెడతానని, మేము కంటెయినర్ పంపిస్తే గోడౌన్ అద్దెకు తీసుకుని షాపులకు వేస్తానని అంటున్నాడు. ఇంతలో న్యూజెర్సీలోని ఒక దిగుమతిదారు, మొత్తం అమెరికా, కెనడాలకు ఐదేళ్ళపాటు తనకొక్కడికే అమ్మకం హక్కు రాసిస్తే సరుకు తీసుకుంటానని, అమ్ముడయ్యాక డబ్బు పంపిస్తానని రాశాడు. మేము ఏ దారి పట్టాలి?

జవాబు: మీ ముందున్న రెండు దారులూ పైకి వేరువేరుగా కనిపిస్తున్నా, రెండింటిలోనూ చిక్కు ఒకటే. మీ మరిదిగారికి పంపినా, న్యూజెర్సీ వ్యాపారికి పంపినా, సీసా అక్కడి షాపులో అమ్ముడయ్యే దాకా అందులో ఇరుక్కున్న డబ్బు మీదే. మామిడికాయ, నూనె, కారం, కూలీ, సీసా, ఓడ కిరాయి అన్నీ మీ పెట్టుబడే. గడువు తీరి మిగిలిపోయిన సరుకు కూడా మీ ఖాతాలోనే పడుతుంది. మీ స్థాయి సంస్థ విదేశీ వ్యాపారంలో మొదట వెతుక్కోవలసింది తన డబ్బుతో సరుకు కొని, దిగుమతిదారుగా తన పేరు మీదనే కస్టమ్స్ కాగితాలు నడిపించుకోగల వ్యాపారిని. అందుచేత కంపెనీ ఆలోచనను రెండు మూడు కంటెయినర్ల వ్యాపారం సాఫీగా జరిగి, డబ్బు చేతికి వచ్చే దాకా పక్కన పెట్టండి. న్యూజెర్సీ వ్యాపారితో మాటలు సాగించండి, అయితే ఆయన రాసిన షరతులకు మాత్రం ఒప్పుకోకండి.

ముందుగా కొరియర్ వ్యాపారం ఎందుకు దెబ్బతిన్నదో స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామంది దాన్ని తాత్కాలికమైన ఇబ్బంది అనుకుంటున్నారు. విలువ 800 డాలర్లకు మించని పార్శిళ్ళు సుంకం లేకుండా అమెరికాలోకి వెళ్ళే వెసులుబాటు ఎంతోకాలంగా ఉండేది. దాన్ని 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తివేశారు. సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా కట్టాలో తేలకపోవడంతో మన తపాలా శాఖ కూడా కొన్ని వారాలపాటు అమెరికా పార్శిళ్ళను ఆపి, అక్టోబరు మధ్యలో మళ్ళీ మొదలుపెట్టింది. మన ఊళ్ళలో ఎన్నో పచ్చళ్ళ దుకాణాలు ఆ వెసులుబాటును నమ్ముకునే పెరిగాయి. పైగా ఒక తల్లి తన ఇంట్లో పెట్టిన ఆవకాయను కొడుక్కి కానుకగా పంపడానికి అమెరికా ఆహార నిబంధనల్లో ఉన్న మినహాయింపు, యూనిట్‌లో తయారుచేసి డబ్బు తీసుకుని పంపే సరుకుకు ఏనాడూ లేదు. తనిఖీలో పట్టుబడకపోవడాన్ని అనుమతిగా భావించి నడిచిన వ్యాపారం అది. దాన్ని పాత పద్ధతిలోనే మళ్ళీ నిలబెట్టుకుందామని చూడడం కంటే సముద్ర మార్గంలో, పెద్ద మొత్తంలో, పూర్తి కాగితాలతో వెళ్ళడమే మేలు.

సంస్థలు పరాయి దేశాలకు ఎలా విస్తరిస్తాయన్న విషయం మీద స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన యోహాన్సన్, వాల్నే అనే ఇద్దరు పరిశోధకులు 1977లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. స్వీడన్ సంస్థల నడకను గమనించి, అవి మొదట అప్పుడప్పుడు ఎగుమతి చేసి, తర్వాత అక్కడొక ఏజెంటును పెట్టుకుని, ఆ తర్వాత సొంత అమ్మకాల సంస్థ తెరిచి, చివరికి గానీ ఫ్యాక్టరీ పెట్టలేదని వారు చూపించారు. ఒక్కొక్క మెట్టు మీదా నేర్చుకున్నదే తర్వాతి మెట్టుకు ఎంత పెట్టుబడి పెట్టవచ్చో చెబుతుందని వారి వాదన. మళ్ళీ 2009లో వారే తమ మాటను సవరించుకుని, పరాయి దేశం కావడం కంటే అక్కడి వ్యాపార సంబంధాల వలయానికి బయట ఉండిపోవడమే పెద్ద ఇబ్బంది అన్నారు. మీ విషయంలో ఈ రెండో మాటకే విలువ ఎక్కువని నా ఉద్దేశం. అమెరికాలో మీకు తెలిసినవాళ్ళకు కొదవ లేదు, కానీ వాళ్ళందరూ తినేవాళ్ళు. షాపుల్లో అర ఇప్పించగలవాళ్ళు, గోడౌన్ ఉన్నవాళ్ళు, కస్టమ్స్ బ్రోకరుతో రోజూ మాట్లాడేవాళ్ళు మీకు ఇంకా తెలియదు. ఆ తీరు ఇప్పటికే తెలిసిన దిగుమతిదారు ఆ లోటును ఒక్క సంతకంతో తీర్చగలడు. మీ మరిదిగారు తీర్చాలంటే ఏళ్ళు పడుతుంది.

మరిదిగారి ప్రతిపాదన వెనుక ఆప్యాయతే ఉందని నేను నమ్ముతున్నాను, అయినా దాన్ని కాగితం మీద పెట్టి చూడండి. ఆయన పేరు మీద పెట్టిన ఎల్‌ఎల్‌సీ చట్టం దృష్టిలో ఆయన సంస్థే తప్ప మీ శాఖ కాదు. మీరు పంపే కంటెయినర్ ఆ సంస్థకు మీరు అరువు ఇచ్చిన సరుకు అవుతుంది. ఆ డబ్బు గడువులోగా బ్యాంకు ద్వారా మన దేశానికి రాకపోతే, విదేశీ మారకద్రవ్య చట్టం కింద జవాబు చెప్పుకోవలసింది ఎగుమతిదారైన మీరే. ఈ గడువు చాలాకాలం 9 నెలలుగా ఉండేది, 2025 నవంబరులో రిజర్వ్ బ్యాంకు దాన్ని 15 నెలలకు పెంచింది. గడువు పెరిగింది కదా అని అరువు కాలాన్నీ అంత దూరం సాగనివ్వకండి; డబ్బు జమయ్యే దాకా మీ బ్యాంకు రికార్డులో ఆ షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చిన ఎగుమతి పత్రం) మూతపడదు, తర్వాత మీరు ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి సరుకు తయారీకి బ్యాంకు ఇచ్చే అప్పు) అడిగినప్పుడు మేనేజరు మొదట చూసేది దాన్నే.

ఇక మరిదిగారి వైపు నుంచి చూడండి. విదేశీ ఆహారాన్ని తెచ్చుకునే అమెరికా దిగుమతిదారు, సరఫరాదారు సురక్షితంగా తయారుచేస్తున్నాడని తానే పరిశీలించి, ఆ పత్రాలు దగ్గర ఉంచుకోవాలని 2011 నాటి ఆహార భద్రతా చట్టం నిర్దేశిస్తోంది. ఆ పని శిక్షణ గాని అనుభవం గాని ఉన్న మనిషే చేయాలి. పగలంతా ఉద్యోగం చేసుకునే మనిషి సాయంత్రాలు చూసుకోగల పని కాదిది. ఆయన హెచ్‌1బీ వీసా మీద ఉన్నట్లయితే అసలు సంగతే వేరు: కంపెనీలో వాటా ఉండవచ్చునేమో గానీ, ఆ వీసా ఇప్పించిన యజమానికి తప్ప ఇంకొక సంస్థకు పని చేయడం ఆయన ఉద్యోగానికీ నివాసానికీ ముప్పు తెస్తుంది. పోనీ ఎల్‌ఎల్‌సీ మీ పేరు మీదే పెడదామంటే, పన్ను కట్టవలసిన లాభం లేకపోయినా, విదేశీయుల యాజమాన్యంలో ఒక్కరే సభ్యులుగా ఉన్న ఎల్‌ఎల్‌సీ తన యజమానితో జరిపిన లావాదేవీలను ఏటా 5472 అనే ఫారంలో అమెరికా పన్ను శాఖకు తెలపాలి. తెలపకపోతే జరిమానా 25,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో వంద డాలర్లకు కంపెనీ పెట్టించి ఇచ్చేవాళ్ళలో చాలామంది ఈ సంగతి చెప్పరు. మన వైపున కూడా అలాంటి సంస్థలో మీరు పెట్టే పెట్టుబడికి 2022 నాటి విదేశీ పెట్టుబడి నిబంధనలు వర్తిస్తాయి, ఏటా నివేదిక ఇవ్వాలి. పచ్చడి మీద వచ్చే లాభంలోంచే ఈ రెండు దేశాల ఆడిటర్ల ఫీజు కూడా కట్టుకోవాలి.

న్యూజెర్సీ వ్యాపారి విషయానికి వస్తే, ఆయన అడిగినవాటిలో ప్రత్యేక హక్కు కోరడం తప్పేమీ కాదు. మీ బ్రాండును షాపులకు పరిచయం చేయడానికి ఆయన ఖర్చు పెట్టాక, మీరు పక్క వ్యాపారికి తక్కువ ధరకు ఇస్తే ఆయన మునిగిపోతాడు. కానీ ఐదేళ్ళు, రెండు దేశాలు, కొనుగోలు పరిమాణం మీద ఏ హామీ లేదు, డబ్బు అమ్మాకే అనే నాలుగూ కలిస్తే ఆయన మీ సరుకు అమ్మకపోయినా, ఇంకొకరు అమ్మకుండా మిమ్మల్ని ఐదేళ్ళు కట్టిపడేయగలడు. హక్కును మొదట న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాలకు, ఒక్క సంవత్సరానికి, మీరు ఎంచిన నాలుగైదు రకాలకు మాత్రమే ఇవ్వండి. ఆ సంవత్సరంలో ఆయన కనీసం ఇన్ని కంటెయినర్లు కొనాలని, కొనకపోతే ప్రత్యేక హక్కు దానంతటదే రద్దవుతుందని ఒప్పందంలో రాయించండి. టెక్సస్‌ను ఆ హక్కులో చేర్చకుండా ఉంచుకోవడం మరచిపోకండి. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు జనాభాను బట్టి అక్కడ వేరే పంపిణీదారు దొరికే అవకాశం బాగానే ఉంది.

ఈ ఒప్పందం కంటే ముందు జరగవలసిన పని ఇంకొకటి ఉంది. మీ బ్రాండు పేరును మీ పేరు మీద రిజిస్టరు చేయించారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి చేయించలేదనుకుంటున్నాను. పరాయి దేశంలో పంపిణీదారే తన పేరు మీద బ్రాండును నమోదు చేయించుకుని, తర్వాత తయారీదారు వేరే వ్యాపారికి సరుకు పంపితే ఆపించడం ఈ రంగంలో పాత కథే. మొదట ఇక్కడ ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు చేసి, దాని ఆధారంగా మాడ్రిడ్ ఒప్పందం కింద ఒకే దరఖాస్తుతో అమెరికా, కెనడాలకు విస్తరించవచ్చు. మన దేశం 2013 నుంచి అందులో సభ్యురాలు. పేరు తనకు చెందదని, ఒప్పందం ముగిశాక వాడనని పంపిణీదారు చేత రాయించుకోండి.

ఇప్పుడు సరుకు సంగతి. 22 రకాల్లో ముందుగా చికెన్, మటన్ పచ్చళ్ళను అమెరికా జాబితా నుంచి పూర్తిగా తీసేయండి. మాంసం, కోడి మాంసం ఉత్పత్తులను అమెరికా వ్యవసాయ శాఖ తాను అర్హత ఇచ్చిన దేశాల నుంచే రానిస్తుంది, ఆ దేశాల్లో మనం లేము. వేరే పేరు రాసి కంటెయినర్‌లో నాలుగు పెట్టెలు పెడదామని ఎవరైనా సలహా ఇస్తే, ఆ నాలుగు పెట్టెల కోసం కంటెయినర్ మొత్తం ఆగిపోతుందని గుర్తుంచుకోండి. రొయ్యలకు వేరే నిబంధనలు, వేరే తనిఖీ ఉన్నాయి; మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

శాకాహార పచ్చళ్ళలో కూడా అన్నీ ఒకటి కావు. మామిడికాయ, ఉసిరి, నిమ్మ స్వభావరీత్యానే పుల్లనివి. కాకరకాయ, వెల్లుల్లి, అల్లం, కాలీఫ్లవర్ వంటివి పుల్లనివి కావు. చింతపండో నిమ్మరసమో కలిపి వాటి పీహెచ్‌ను (పులుపును కొలిచే అంకె; అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6కు గాని అంతకంటే కిందికి గాని దించి నిలవ చేస్తే, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని ఆమ్లం కలిపి నిలవ చేసిన ఆహారంగా పరిగణించే అవకాశం ఎక్కువ. అప్పుడు ఫ్యాక్టరీకి ప్రత్యేకమైన నమోదు, తయారీ విధానాన్ని రకానికీ సీసా సైజుకూ విడివిడిగా దాఖలు చేయడం, శిక్షణ పొందిన మనిషి పర్యవేక్షణ అన్నీ అవసరమవుతాయి. మీ పచ్చడి ఏ కోవలోకి వస్తుందో బయ్యరు మాట మీద గాని, ఏజెంటు మాట మీద గాని తేల్చుకోకండి. గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పీహెచ్, వాటర్ యాక్టివిటీ (క్రిములు పెరగడానికి అందుబాటులో ఉండే తేమ) పరీక్షలు చేయించి, ఆ ఫలితాలు పట్టుకుని ఆహార ప్రక్రియల నిపుణుడిని అడగండి. ఈ ఖర్చును చూస్తేనే 22 రకాల కంటే నాలుగు రకాలతో ఎందుకు మొదలుపెట్టమన్నానో మీకు అర్థమవుతుంది.

ఎఫ్‌డీఏలో ఫ్యాక్టరీ నమోదుకు ప్రభుత్వానికి కట్టవలసిన రుసుము ఏమీ లేదు. అమెరికాలో ఉండే ఒక ఏజెంటు పేరు ఇవ్వాలి, సరిసంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు లోపు నమోదును పునరుద్ధరించుకోవాలి. రంగురంగుల ‘ఎఫ్‌డీఏ సర్టిఫికెట్’ ఇప్పిస్తామని వేలకు వేలు అడిగేవాళ్ళు మన దగ్గర ఎక్కువగానే ఉన్నారు. నమోదుకు ఎఫ్‌డీఏ ఎలాంటి సర్టిఫికెట్టూ ఇవ్వదు. ఏజెంటుగా ఉన్నందుకు ఫీజు ఇవ్వడం వేరు, గోడకు తగిలించుకునే కాగితానికి డబ్బు ఇవ్వడం వేరు.

లేబుల్ దగ్గర కూడా సరుకు ఆగిపోవచ్చు. మీ ఆవకాయ సీసానే తీసుకోండి. అందులో నువ్వుల నూనె ఉంది. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు తప్పనిసరిగా ప్రకటించవలసిన తొమ్మిదో అలెర్జీ పదార్థం. ఆవపిండి ఉంది, అమెరికా జాబితాలో ఆవాలు లేవు గానీ కెనడా జాబితాలోనూ, ఐరోపా జాబితాలోనూ ఉన్నాయి. పోపులో ఇంగువ వేస్తే, మార్కెట్లో దొరికే కూటు ఇంగువలో చాలావరకు గోధుమ పిండి కలిసే ఉంటుంది, గోధుమ కూడా ప్రకటించవలసినదే. మీ ఇంగువ డబ్బా మీద ఏం రాసి ఉందో ఒకసారి చదవండి. న్యూజెర్సీ వ్యాపారి కెనడా హక్కు కూడా అడిగారు కాబట్టి, అక్కడ లేబుల్ ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచిలోనూ ఉండాలని, అందువల్ల ఒకే లేబుల్‌తో రెండు దేశాలకూ పంపడం కుదరదని ఆయనకు గుర్తు చేయండి. కెనడాను ఇప్పటికి వదిలేయడానికి ఇది మర్యాదైన కారణం కూడా.

సీసాల విషయంలో, నూనె పైకి తేలే పచ్చడి ఓడలో వారాల తరబడి వేడిలో ఊగుతూ వెళ్తుంది. మూత కింద ఇండక్షన్ సీల్ (సీసా నోటికి వేడితో అంటించే రేకు) లేకపోతే ఒక్క సీసా కారినా అట్టపెట్టె మెత్తబడి, దాని మీద పేర్చిన పెట్టెలన్నీ ఒరిగిపోతాయి. చెక్క ప్యాలెట్లు వాడితే వేడి శుద్ధి జరిగినట్లు ముద్ర ఉండాలి; ముద్ర లేని ప్యాలెట్ మీద వచ్చిన సరుకును అమెరికా కస్టమ్స్ వెనక్కి పంపగలదు.

ధర చెప్పేటప్పుడు అమెరికా సుంకాన్ని మీ నెత్తిన వేసుకోకండి. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ‘మీ గోడౌన్ దాకా అన్నీ కలిపి ఇంత’ అని ధర ఖాయం చేసుకున్న ఎగుమతిదారులు ఓడలో ఉన్న సరుకు మీదనే నష్టపోయే పరిస్థితి వచ్చింది. లెక్క కోసం ఒక సీసా ఇన్‌వాయిస్ విలువ 200 రూపాయలనుకుందాం. సుంకం 10 శాతమైతే 20 రూపాయలు, 50 శాతమైతే 100 రూపాయలు. మీ లాభం సీసాకు 40 రూపాయలైతే, మీరు సంతకం చేసిన తర్వాత వాషింగ్టన్‌లో వెలువడే ఒక్క ఉత్తర్వు దాన్ని తుడిచేయగలదు. ఆ రేటు పెరగడమూ తగ్గడమూ మన చేతిలో లేవు. కాబట్టి చెన్నై లేదా విశాఖ రేవులో ఓడ ఎక్కించే దాకా మీ బాధ్యత అని, అంటే ఎఫ్‌ఓబీ ధర మాత్రమే చెప్పండి. సుంకం కట్టేది, దాన్ని షాపు ధరలో సర్దుకునేది దిగుమతిదారు.

డబ్బు విషయంలో, మొదటి ఆర్డరుకు మూడో వంతు అడ్వాన్సు, మిగతాది సరుకు ఓడ ఎక్కాక పత్రాలు బ్యాంకు ద్వారా అందే సమయానికి అన్న షరతు ఈ రంగంలో ఎవరికీ కొత్త కాదు. ఓడ కంపెనీ ఇచ్చే అసలు సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, చూపిస్తే గాని ఓడ నుంచి సరుకు విడుదల కాదు కనుక, అది మీ బ్యాంకు చేతిలో ఉన్నంత కాలం సరుకు మీ అదుపులో ఉన్నట్లే. విమానంలో పంపే సరుకుకు ఈ రక్షణ లేదు. విమాన రవాణా పత్రమైన ఎయిర్ వేబిల్ మీద సరుకు అందుకునేవారిగా ఎవరి పేరు ఉంటే వారు డబ్బు కట్టినా కట్టకపోయినా సరుకు తీసుకుపోగలరు. నమూనాలుగా నాలుగు పెట్టెలు విమానంలో పంపడం సరే, పండగ అమ్మకాలకు అత్యవసరమంటూ పెద్ద ఆర్డరును విమానంలో పంపమన్నప్పుడు మాత్రం పూర్తి డబ్బు ముందే తీసుకోండి. రెండో సంవత్సరం నుంచి అరువు ఇవ్వవలసి వస్తే, 1957 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ ఎగుమతి రుణ బీమా సంస్థ ఈసీజీసీ దగ్గర బీమా తీసుకోండి. చిన్న ఎగుమతిదారులకు వేరే పాలసీలు ఉన్నాయి, పాలసీతో పాటు కొనుగోలుదారుడి పరపతిని కూడా వారు విచారిస్తారు. వారు ఆ వ్యాపారికి అరువు పరిమితి మంజూరు చేయడానికి వెనుకాడితే, మీకు కావలసిన జవాబు దొరికినట్లే.

ఇక్కడి కాగితాలు అంత కష్టమైనవి కావు. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) నుంచి ఎగుమతి, దిగుమతి కోడ్ ఐఈసీ, పచ్చళ్ళు వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా జాబితాలోని ఉత్పత్తులు కాబట్టి అక్కడ నమోదు, జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సులో ఎగుమతి కూడా చేర్చడం, ఇవన్నీ మీ ఆడిటరు, ఒక మంచి కస్టమ్స్ ఏజెంటు కలిసి పూర్తి చేయగలరు. కారం, పసుపు పొడులు కూడా పంపాలనుకుంటే స్పైసెస్ బోర్డు నమోదు వేరే కావాలి.

అమెరికా సుంకాల గొడవ మీకు భయం కలిగిస్తే దుబాయ్‌ను కూడా పరిశీలించండి. యూఏఈతో మన ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది, ఓడ ప్రయాణం తక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. అయితే లేబుల్ మీద అరబిక్ ఉండాలి, అక్కడి షాపులు ధర దగ్గర బాగా బిగిస్తాయి. మీ పచ్చళ్ళ పేరు ఇప్పటికే తెలిసిన తినేవాళ్ళు అమెరికాలో ఉన్నారు కాబట్టి నేనైతే దుబాయ్‌ను రెండో దారిగానే పెట్టుకుంటాను.

మీ మరిదిగారిని నొప్పించకుండా ఎలా కాదనాలన్నది మీరు రాయకపోయినా ఉత్తరంలో కనిపిస్తోంది. ఆయనకు నిజంగా చేతనైన, మీకు నిజంగా అవసరమైన పని ఒకటి ఉంది. డల్లాస్, ఫ్రిస్కో చుట్టుపక్కల భారతీయ కిరాణా షాపులకు వెళ్ళి, పచ్చళ్ళ అరలో ఏయే బ్రాండ్లు ఉన్నాయో, సీసా బరువు, ధర ఎంతో, తయారీ తేదీ ఎంత పాతదో, లేబుల్ వెనుక దిగుమతిదారుగా ఎవరి పేరు రాసి ఉందో ఫోటోలు తీసి పంపమనండి. ఒక్క వారాంతంలో తేలిపోయే పని అది. ఆ లేబుళ్ళ మీద మళ్ళీ మళ్ళీ కనిపించే దిగుమతిదారుల పేర్లే మీరు ఉత్తరాలు రాయవలసిన వారి జాబితా. న్యూజెర్సీ వ్యాపారి పేరు అక్కడి సీసాల మీద కూడా ఉంటే ఆయన మాటకు బలం ఉన్నట్లు; లేకపోతే, మొత్తం అమెరికా హక్కు ఆయనకెందుకో అడగడానికి మీకు ఆధారం దొరికినట్లు.